లోపల ఆరుగురే

మా వదినని ఇంట్లో అందరూ హడావిడి అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టాను, అసలు పేరు కంటే బాగా అతుక్కుపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి, వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, చంకలో పిల్లతో, ఖాళీగా ఉన్న కాలితో గుమ్మం దగ్గర చెప్పులు సర్దే మనిషి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే అన్నీ ఒకేసారి అయిపోతాయని ఆవిడ నమ్మకం. పాలు పొంగేవి. ఫోను బట్టల్లో పడేది. పిల్ల మాత్రం ఎప్పుడూ పడలేదు, అది ఒప్పుకోవాలి. ఎంత నష్టం జరిగినా ఆవిడ ముఖంలో నవ్వు చెరిగేది కాదు. అందుకే ఆవిడని గట్టిగా ఒక మాట అనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు, నాకు తప్ప.

ఆడపడుచుని, ఆ మాత్రం హక్కు నాకుంది. నేనూ ఆ ఇంట్లోనే ఉంటాను. నా పెళ్ళి ఊసు ఎత్తకండి, ఇది నా కథ కాదు.

పెళ్ళికి ముందు వదిన కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసేది. పెద్దపిల్ల పుట్టినప్పుడు కొన్నాళ్ళు ఇంట్లో ఉంటానంది. ఇంతలో మా అమ్మ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. అమ్మ లేచి తిరిగేసరికి రెండోవాడు పుట్టాడు. అలా అలా పన్నెండేళ్ళు గడిచిపోయాయి. ఉద్యోగం మానెయ్యమని మా ఇంట్లో ఎవరూ అనలేదు. మళ్ళీ వెళ్ళమని కూడా ఎవరూ అనలేదు. ఈ రెండో సంగతికి మా అన్నయ్య మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన నీళ్ళ ఆఫీసులో మీటర్లు చూసే మనిషి. ఊళ్ళో ఏ గొట్టంలోంచి చుక్క కారినా కనిపెడతాడు కానీ, ఇంట్లో ఏం కారిపోతోందో కనిపెట్టలేదు.

నేను ఫోటో ఆల్బములు చేసే ప్రెస్సులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. తాళంచెవులు చేసే కొట్టుకీ కళ్ళజోళ్ళ షాపుకీ మధ్య ఇరుక్కున్న రెండు గదులు. పైన డాన్సు క్లాసు, సాయంత్రమైతే సున్నం పెచ్చులు రాలతాయి. ముందు గదిలో నా కౌంటర్, కాగితం కోసే పొడుగు బల్ల, మూలన కంప్యూటర్. వెనకది ప్రింటింగ్ రూము, మధ్యలో అద్దాల తలుపు. సోడాబుడ్డి కళ్ళద్దాల మా యజమానికి ఈ లోకంలో ఒకే ఒక శత్రువు, దుమ్ము. ఆరని ఫోటో మీద నలక పడిందంటే పెళ్ళికూతురి బుగ్గ మీద మొటిమ మొలిచినట్టే, సాయంత్రానికల్లా వాళ్ళ నాన్న వచ్చి మా మీద పడతాడు. అందుకని ప్రింటింగ్ రూములోకి తెల్ల ఏప్రాన్ తొడుక్కోకుండా ఎవరూ గుమ్మం దాటకూడదు. ఏప్రాన్లు మూడే ఉన్నాయి, తలుపు పక్కన మూడు కొక్కేలకి వేలాడుతుంటాయి. కొక్కేలు ఖాళీగా ఉంటే ఎంత తొందరైనా బయట నిలబడాల్సిందే. ఇంకోటి కొనడానికి ఈయనకి చెయ్యి రాదని మొదట్లో అనుకునేదాన్ని. అది కాదు. ఆ గదిలో నలుగురు చేరారంటే మోచేతులు తగులుకుని ఒకరి పని ఇంకొకరు పాడుచేస్తారు. ముగ్గురైతే హాయిగా నడుస్తుంది.

పేజీలు తయారుచెయ్యడానికి మా దగ్గర పాత ప్రోగ్రాం ఒకటి ఉండేది. అది ఒక ఫోటో తీసుకుని, సైజు తగ్గించి, వెలుతురు సరిచేసి, పేజీలో పెట్టి, ఆ తర్వాతే రెండో ఫోటో ముట్టుకునేది. చిన్న ఆల్బముకే పూట పట్టేది. అలాంటి సమయంలో ఒక స్కూలు వాళ్ళు వార్షికోత్సవానికి పెద్ద పుస్తకం చేసిపెట్టమన్నారు. ప్రతి క్లాసూ, ప్రతి పిల్లా, ప్రతి ఆటా, వేలకొద్దీ ఫోటోలు. యజమాని తల పట్టుకుని, ప్రోగ్రాం రాసేవాళ్ళు ఎవరైనా తెలుసా అని గాల్లోకి అడిగారు. నా నోరు ఊరుకోదు కదా. మా వదిన ఉందన్నాను.

మర్నాడే వదినని తీసుకెళ్ళాను. ఇన్నేళ్ళు మానేశాక మళ్ళీ చెయ్యగలరా అని యజమాని మెల్లిగా అడిగారు. చెయ్యలేకపోతే మీరు చెప్పేదాకా ఆగను, నేనే చెప్పి వెళ్ళిపోతాను అంది వదిన. ఆ జవాబు ఆయనకి నచ్చింది. ఈ పుస్తకం వరకు చూద్దాం, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత అన్నారు. తిరిగొచ్చేటప్పుడు వదిన పరుగులాంటి నడకతో నాకంటే ముందు వెళ్ళిపోయింది. సందు మలుపులో ఉన్నట్టుండి ఆగి వెనక్కి తిరిగింది.

"ఇది గనక పోతే మళ్ళీ నన్నెవరూ పిలవరే. పిలిచినా నాకు వెళ్ళే ధైర్యం ఉండదు" అంది.

అప్పుడు ఆవిడ నవ్వడం లేదు. అన్ని సంవత్సరాల్లో ఆవిడ ముఖం నవ్వు లేకుండా చూడటం నాకదే మొదలు. ఏదో వెటకారం ఆడి దాటేశాను కానీ, ఆ రోజు నుంచి ఆ స్కూలు పుస్తకం నాకూ ప్రాణం మీదకి వచ్చి కూర్చుంది.

ప్రోగ్రాంలో తన పని తాను చేసుకుపోయే ఒక్కో వరసని థ్రెడ్ అంటారట. నాకు అర్థమవడానికి కూలీ అనుకోమని వదిన చెప్పింది. పాత ప్రోగ్రాంలో కూలీ ఒక్కడే, పాపం వాడే అన్నీ మొయ్యాలి. వదిన ఏం చేసిందంటే, ప్రతి ఫోటోకీ ఒక కూలీని పెట్టింది. వెయ్యి ఫోటోలుంటే వెయ్యిమంది, అందరూ ఒకేసారి మొదలు. ఇంట్లో పని ఎలా చేస్తుందో ప్రోగ్రామూ అలాగే రాసింది. నాకు ఆ భాష వచ్చుంటే ఆనాడే పట్టుకునేదాన్ని.

పుట్టినరోజు ఆల్బము ఒకటి ఇచ్చి చూస్తే కన్నుమూసి తెరిచేలోగా పేజీలు వచ్చిపడ్డాయి. యజమాని ముఖం వెలిగిపోయింది. ఆ ఊపులో స్కూలు ఫోటోలన్నీ ఇచ్చారు. కంప్యూటర్‌లో ఫ్యాను ముందు గొణిగింది, తర్వాత అరిచింది, ఆ తర్వాత పైన డాన్సు క్లాసు వాళ్ళు కిందికొచ్చి ఏమిటా మోత అని అడిగారు. మౌసు బాణం తెర మధ్యలో బిగుసుకుపోయింది. వేలమంది కూలీలు తలో ఫోటో నెత్తిన పెట్టుకుని మెమరీలోకి ఒక్కసారిగా తోసుకొచ్చారట. కాలు పెట్టే చోటు లేక ఎవరి పనీ జరగలేదు. చివరికి స్విచ్ కట్టేశాం.

యజమాని కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. బుధవారం దాకా చూద్దామమ్మా, ఎందుకైనా మంచిదని రెడీమేడ్ ప్రోగ్రాం అమ్మే ఆయన్ని ఆ సాయంత్రం రమ్మన్నాను అన్నారు. ఆ ప్రోగ్రాం కొంటే ఇక వదిన అవసరం ఉండదు.

వదిన ఆ రాత్రి సరిగ్గా తిన్లేదు. పొద్దున్న నాతోపాటు ప్రెస్సుకి వచ్చి, కంప్యూటర్ జోలికి వెళ్ళకుండా తలుపు పక్కన కొక్కేల వంక చూస్తూ నిలబడింది. మెషీన్ నడిపే ప్రింటింగ్ బాబాయి వచ్చి ఒక ఏప్రాన్ తీసుకుని లోపలికెళ్ళాడు. బైండర్ ఇంకోటి తీసుకున్నాడు. ఇతన్ని అందరం జిగురన్న అంటాం. పట్టే జిగురుకే కాదు, మాటల్లో పెడితే వదలడని కూడా. కాసేపటికి బాబాయి బయటికొచ్చి ఏప్రాన్ కొక్కేనికి తగిలించాడు, నేను తొడుక్కుని వెళ్ళాను. నేను తిరిగొచ్చేసరికి వదిన ముఖంలో నవ్వు తిరిగొచ్చింది.

"మీ సార్ తెలివైనవాడేనే" అంది.

ప్రోగ్రాంలో కూడా ఏప్రాన్లు పెట్టింది. ఎంతమంది కూలీలైనా ఉండనీ, ఏప్రాన్ దొరికినవాడే లోపలికెళ్ళి పని చెయ్యాలి. పనయ్యాక ఏప్రాన్ తిరిగి ఇచ్చేస్తే తర్వాతివాడు తొడుక్కుంటాడు. ఎన్ని ఏప్రాన్లు పెట్టాలన్నది అసలు గొడవ. రెండు పెడితే కంప్యూటర్ ఆవలిస్తూ కూర్చుంది. పది పెడితే మళ్ళీ ఫ్యాను అందుకుంది. ఒక్కోటే మార్చి మార్చి చూసి ఆరు దగ్గర ఆగింది. లోపల ఆరుగురే, మిగతావాళ్ళు బయట. అదీ మా వదిన, అన్నీ ఒకేసారి మొదలుపెట్టే మనిషి, కూలీలని వరసలో నిలబెడుతోంది. ఇంటికెళ్ళి అమ్మకి చెబితే, దానికి జ్వరమేమైనా ఉందేమో చూడవే అంది.

పనిలో పనిగా వదిన ఇంకో సౌకర్యం చేసింది. పేజీకి కూడా ఒక కూలీని పెట్టింది. పేజీ కూలీ ఏప్రాన్ తొడుక్కుని, తన ఫోటోలు సిద్ధం చెయ్యమని ఫోటో కూలీలకి చెప్పి, అవి రాగానే అందంగా అమర్చాలి. నాలుగు పేజీల చిన్న ఆల్బము ఇచ్చి చూసింది. బ్రహ్మాండంగా వచ్చింది. పైన డాన్సు క్లాసులో పాట మొదలైతే వదిన కుర్చీలో కూర్చునే భుజాలూపింది. జిగురన్న కూడా ఊపాడు. బుధవారం నాటికి ఇక భయం లేదనుకున్నాం.

బుధవారం మధ్యాహ్నం స్కూలు ఫోటోలన్నీ ఇచ్చి మొదలుపెట్టింది. ఫ్యాను అరవలేదు. మౌసు బిగుసుకోలేదు. గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. యజమాని ఆ నిశ్శబ్దానికి మురిసిపోయారు. పని పూర్తయిపోయిందనే అనుకుని, మొదటి పేజీ నా కళ్ళతో నేనే చూడాలంటూ ఏప్రాన్ తొడుక్కుని ప్రింటింగ్ రూములోకి వెళ్ళిపోయారు. లోపల అప్పటికే బాబాయీ, జిగురన్నా వేరే ఎవరిదో ఆల్బము పనిలో ఉన్నారు.

ఇక్కడ తెర మీద ఒక్క పేజీ కూడా రాలేదు. తప్పు జరిగిందని ఎర్ర అక్షరాలూ రాలేదు. ప్రోగ్రాం బతికే ఉంది, కానీ చెయ్యీ కాలూ ఆడించడం లేదు. వదిన ఆపి మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అదే మౌనం. నాలుగు పేజీలు చేసింది నాలుగొందల పేజీలకి ఎందుకు అలిగిందో అంతుపట్టలేదు. ఆవిడ కొట్టిన మీటలే మళ్ళీ మళ్ళీ కొట్టడం కౌంటర్ దగ్గర్నుంచి నాకు కనిపిస్తోంది. రెడీమేడ్ ఆయన వచ్చే వేళ దగ్గర పడుతోంది. దేవుడా, ఈ ఒక్కసారికి కానివ్వు అనుకున్నాను. నేను దేవుణ్ణి అంత తేలిగ్గా ఇబ్బంది పెట్టే మనిషిని కాను.

అదే సమయానికి ప్రింటింగ్ రూములో కాగితం అయిపోయింది. కోసిన కాగితం కట్ట రెండు చేతుల్లో పట్టుకుని నేను తలుపు దగ్గరికి వెళ్ళాను. కొక్కేలు మూడూ ఖాళీ. అద్దంలోంచి చూస్తే లోపల ముగ్గురూ ఏప్రాన్లు వేసుకుని ఊరికే నిలబడి ఉన్నారు. బాబాయి కాగితం కోసం చూస్తున్నాడు. జిగురన్న బాబాయి ఇచ్చే షీటు కోసం, చేతులకి జిగురు పూసుకుని చూస్తున్నాడు. యజమాని స్కూలు పుస్తకం మొదటి పేజీ కోసం చేతులు కట్టుకుని చూస్తున్నారు. వాళ్ళకి కావాల్సిన కాగితం నా చేతుల్లో ఉంది, నాకు కావాల్సిన ఏప్రాన్ వాళ్ళ ఒంటి మీద ఉంది. నేను సైగ చేశాను. బాబాయి నాకు రమ్మని సైగ చేశాడు. ఎలా రమ్మంటావని నేను కొక్కేలు చూపించాను. యజమాని, కానీ కానీ అన్నట్టు తలూపారు. చేతులు పీకుతున్నాయి, వదిన మీద బెంగంతా కోపమై నెత్తికెక్కింది.

"ఊరికే నిలబడి ఎదురుచూడ్డానికి ఏప్రాన్ ఎందుకయ్యా మీకు? ఎవరో ఒకరు బయటికొచ్చి అది నా మొహాన కొట్టండి" అని అరిచాను.

వెనక కుర్చీ కిందపడ్డ చప్పుడైంది. వదిన లేచి నిలబడి ఉంది. నావైపు చూస్తోంది కానీ నన్ను చూడటం లేదు.

"మళ్ళీ అను" అంది.

"ఏమనాలి?"

"ఎదురుచూసేవాళ్ళకి ఏప్రాన్ ఎందుకని అన్నావు చూడు, అదే."

అన్నాను. ఆవిడ పడ్డ కుర్చీ లేవనెత్తకుండానే వంగి మీటలు కొట్టడం మొదలుపెట్టింది. సంగతేమిటో నాకు తర్వాత చెప్పింది. ఉన్న ఆరు ఏప్రాన్లనీ ముందొచ్చిన ఆరుగురు పేజీ కూలీలు తొడుక్కుని లోపల నిలబడ్డారు, ఫోటోలు వస్తే అమరుద్దామని. ఫోటోలు చెయ్యాల్సిన కూలీలు బయట నిలబడ్డారు, ఏప్రాన్ దొరికితే చేద్దామని. ఒకరి కోసం ఒకరు, మర్యాదగా, ప్రపంచం అంతమయ్యేదాకా నిలబడతారు. చిన్న ఆల్బముకి పేజీలు నాలుగే కాబట్టి రెండు ఏప్రాన్లు మిగిలి ఫోటోల పని జరిగిపోయింది, అందుకే అప్పుడు బయటపడలేదు. ఇంత చదువుకుని ఇంత తెలివితక్కువ పని ఎలా చేశావు వదినా అంటే, ఇది తెలివైనవాళ్ళు మాత్రమే చేసే తెలివితక్కువ పని అంది.

దిద్దుబాటు చిన్నదే. పేజీ కూలీ ముందు ఏప్రాన్ లేకుండానే తన ఫోటోలు చెయ్యమని చెప్పి బయట కూర్చోవాలి. బయట కూర్చున్నవాడు మెమరీ తినడు, ఎవరికీ అడ్డం రాడు. తన ఫోటోలన్నీ చేతికొచ్చాక మాత్రమే ఏప్రాన్ అడగాలి. అంతే. ఈలోగా జిగురన్న మోచేత్తో తలుపు తోసుకుని బయటికొచ్చి తన ఏప్రాన్ నాకిచ్చాడు. నేను లోపలికెళ్ళి కాగితం పెడుతున్నాను. వదిన ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెట్టింది.

ఫ్యాను నిదానంగా, అలవాటైన పని చేసుకునే మనిషిలా తిరగడం మొదలుపెట్టింది. మొదటి పేజీ వచ్చింది. ఒకటో క్లాసు పిల్లలు, సగంమందికి ముందు పళ్ళు లేవు, అందరూ ఇకిలిస్తున్నారు. రెండోది వచ్చింది. మూడోది, నాలుగోది. బాబాయి మెషీన్ అందుకుంది. పేజీల మీద పేజీలు వస్తుంటే యజమాని కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. ఏప్రాన్‌తో ముక్కు తుడుచుకున్నాను, అది నిషేధం, అయినా ఎవరూ ఏమీ అనలేదు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు రెడీమేడ్ ఆయన. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, నవ్వు ముఖం. మంచివాడిలాగే ఉన్నాడు. యజమాని బయటికొచ్చి ఆయనకి కుర్చీ వేయించారు కానీ, తాను మాట్లాడలేదు. నాకు ఇవేవీ తెలియవండీ, మా ప్రోగ్రామర్ గారితో మాట్లాడండి అని వదినని చూపించారు. వదిన ఎవరినన్నారా అని వెనక్కి తిరిగి చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

ఆయన తన ప్రోగ్రాం గొప్పలన్నీ చెప్పుకొచ్చాడు. వదిన శ్రద్ధగా విని, ఒక్కటే అడిగింది, మీది ఒకేసారి ఎన్ని ఫోటోలు పట్టుకుంటుంది అని. ఆయన ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు ముందుకి వంగాడు.

"ఎన్నైనా మేడమ్. లిమిట్ అనేదే లేదు. పదివేలు ఇవ్వండి, పదివేలూ ఒకేసారి" అన్నాడు.

వదిన నావైపు చూసింది. నేను యజమాని వైపు చూశాను. యజమాని ఫ్యాను వైపు చూశారు. ముందు నవ్వింది జిగురన్న, తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయాం. పాపం ఆయన ముఖం చిన్నబోయింది. వదిన ఒక్కతే నవ్వు దిగమింగుకుని, మొన్నటిదాకా నాదీ అదే నమ్మకమండీ అని, ఎక్కడ బిగుసుకుంటుందో ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఆయన వెళ్ళేటప్పుడు ఆవిడకి థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

ఆయన వెళ్ళిపోయాక వదిన లేచి యజమాని దగ్గరికి వచ్చింది. చీర కొంగు చేతుల్లో నలుపుతోంది.

"పుస్తకం అయిపోవచ్చింది కదా సార్. మరి రేపట్నుంచి..." అంది.

యజమాని తెల్లబోయి చూశారు. ఆయన దృష్టిలో ఆ కంప్యూటర్‌లో నిజంగానే ఆరుగురు మనుషులున్నారు, అందులో సందేహం లేదు.

"మీరు వెళ్ళిపోతే ఆ ఆరుగుర్నీ ఎవరు చూసుకుంటారమ్మా?" అన్నారు.

నేను కౌంటర్ వదిలేసి వెళ్ళి వదినని కావలించుకున్నాను. బయట ఇద్దరు కస్టమర్లు నిలబడి చూస్తున్నారు. చూడనీ.